పుస్తకం మూసిన తరువాత

ఒక మంచి నవల చివరి పుట చదివి పుస్తకం మూసిన రాత్రి, ఇంట్లో అందరూ నిద్రలో ఉన్నప్పుడు, ఎవరినైనా లేపి నాలుగు మాటలు చెప్పవలెనని మనస్సు తహతహలాడుతుంది. ఆ కథానాయకుడు చేసిన పని న్యాయమేనా? ఆ ఇల్లాలు చివరకు ఎందుకు మౌనం వహించినది? రచయిత మనలను మోసగించినాడా, మనమే తొందరపడి చదివినామా? ఇట్టి ప్రశ్నలు నిద్ర పట్టనీయవు. తెల్లవారగానే పాలు, కూరగాయలు, కార్యాలయం, పిల్లల బడి, ఇవన్నీ ముందుకు వస్తాయి. గడువునాటికి పుస్తకం గ్రంథాలయానికి తిరిగి పోతుంది. గ్రంథపాలకుడు చీటీమీది తేదీ చూచుకొని దానిని బీరువాలో పెడతాడు. చదువరి మనస్సులోని మాట మాత్రం ఎవరికీ అందకుండానే అణగిపోతుంది.

ఆ మాటకు ఒక చోటునూ, ఒక వేళనూ, వినే నలుగురు మనుషులనూ సమకూర్చుటయే పఠన గోష్ఠి. నెలకొకసారి పదిమంది ఒకే పుస్తకం చదివి వచ్చి, గ్రంథాలయంలో గంటన్నరసేపు దానిని గురించి మాట్లాడుకొంటారు. చెప్పుటకు ఇంతే. నడుపుటలో ఉన్నది కష్టమంతా. మనకు పురాణ కాలక్షేపం తెలుసు. అక్కడ ఒకరు చదివి అర్థం చెప్పగా తక్కినవారు విని తరిస్తారు. సాహిత్య సభ తెలుసు. అక్కడ వేదిక, అధ్యక్షుడు, పూలమాల, వందన సమర్పణ ఉంటాయి. ఆ రెండింటికీ వాటి మర్యాద, వాటి ప్రయోజనం ఉన్నవి. గోష్ఠి ఈ రెండూ కాదు. రచ్చబండ మీద ఊరివారు ఒక విషయం ఎత్తుకొని తలా ఒక మాట అనుకొనే తీరు దీనికి దగ్గర చుట్టం.

నిజానికి మన గ్రంథాలయాలు పుట్టినదే ఇట్టి కలయికలనుంచి. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వెలసినది. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు మొదలైనవారు దానికి పూనుకొన్నది పుస్తకాలు దాచుటకు మాత్రమే కాదు, తెలుగు మాటకు ఆదరం కరవైన చోట తెలుగువారు ఒకచోట కూడుకొనుటకు. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర భాషా నిలయం వచ్చినది. 1914 ఏప్రిల్ 10న విజయవాడలో, చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి అధ్యక్షతన, ఆంధ్రదేశపు గ్రంథాలయాలవారందరూ సమావేశమైనారు. అయ్యంకి వెంకటరమణయ్యగారి వంటివారు ఆ ఉద్యమానికి జీవితం ధారపోసినారు. 1918లో వేటపాలెంలో కొందరు యువకులు ఒక సంఘంగా చేరినారు. ఆ సంఘమే తరువాత సారస్వత నికేతనంగా పేరొందినది. 1935లో పాతూరి నాగభూషణంగారు, వారి సహచరులు, కాలువ గట్టున ఉన్న పల్లెలకు పడవలో పుస్తకాలు చేరవేసినారు. ఆ రోజులలో గ్రంథాలయమంటే రాత్రి బడి. చదువురానివారికి పత్రిక చదివి వినిపించే అరుగు. ముందు మనుషులు కూడినారు, తరువాత బీరువా వచ్చినది.

ఇది మన ఒక్కరి అనుభవమే కాదు. స్వీడను దేశంలో ఆస్కార్ ఓల్సన్ అనే ఉపాధ్యాయుడు 1902లో లుండ్ పట్టణంలో మద్యపాన నిషేధ సంఘంవారిని చిన్న చిన్న అధ్యయన బృందాలుగా కూర్చినాడు. బృందంవారు పుస్తకాలు కొని, వంతులవారీగా చదివి, కూర్చుండి చర్చించేవారు. చర్చ ముగిసిన పుస్తకాలన్నీ చేరి ఆయా బృందాల గ్రంథాలయాలైనవి. అక్కడ కూడ మాట ముందు, బీరువా తరువాత.

తరువాత చట్టాలు వచ్చినవి. మద్రాసు రాష్ట్రంలో 1948లోను, హైదరాబాదు రాష్ట్రంలో 1955లోను, ఆంధ్రప్రదేశ్‌లో 1960లోను గ్రంథాలయ చట్టాలు వచ్చి, ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సుంకం ఏర్పడి, ఊరూరా శాఖలు తెరవబడినవి. ఇది చిన్న మేలు కాదు. దాతల దయపై బ్రతికిన సంస్థ ప్రజల హక్కు అయినది. అయితే ఆ క్రమంలో కూడలి తనం కొంత జారిపోయినది. నేడు ఏ పట్టణ గ్రంథాలయానికి పోయినా, ఉదయంనుంచి ఉద్యోగ పరీక్షలకు చదువుకొనే యువకులు, యువతులు కుర్చీలు నింపి ఉంటారు. వారి అవసరం న్యాయమైనది. వారికి ఆ చోటు దక్కవలసినదే. పత్రికల బల్లవద్ద పెద్దలు ఉంటారు. కథలు, నవలలు ఉన్న బీరువాల వద్ద మాత్రం అలికిడి తక్కువ. అక్కడ పుస్తకం తీసుకొన్నవాడు మాట్లాడకుండా తీసుకొని, మాట్లాడకుండా తిరిగి ఇచ్చి పోతాడు. పుస్తకం వెనుక అతికించిన తేదీల చీటీ ఒకసారి చూడండి. ఒక తేదీ క్రింద మరొక తేదీ. ఆ పుస్తకాన్నే చదివిన ఇద్దరు మనుషుల నడుమ అంగుళమైనా ఎడం లేదు. ఒకే వీధిలో కాపురముండి కూడ వారు ఒకరినొకరు ఎరుగరు.

ఎస్. ఆర్. రంగనాథన్‌గారు 1931లో ప్రకటించిన గ్రంథాలయ సూత్రాలలో చదువరికి పుస్తకాన్నీ, పుస్తకానికి చదువరినీ సమకూర్చుట ముఖ్య ధర్మాలుగా ఉన్నవి. ఆ వరుసలోనే చదువరికి చదువరిని సమకూర్చుట కూడ గ్రంథాలయం పనియే అని నేను భావిస్తున్నాను. ఈ నమ్మకంతోనే కొంతకాలం క్రితం ఒక పట్టణ గ్రంథాలయంలో పఠన గోష్ఠి ఆరంభించుటకు పూనుకొన్నాను. ఆరంభంలోనే దానిని దాదాపు పాడుచేసినాను. ఆ సంగతి చెప్పుట మేలు. ఇతరులకు ఆ పొరపాటు తప్పవచ్చును.

మొదటి సమావేశానికి గురజాడవారి 'దిద్దుబాటు' కథ ఎన్నుకొన్నాము. పదునెనిమిదిమంది వచ్చినారు. నేను ముందుగా రెండు మాటలు చెప్పి చర్చ ప్రారంభిద్దామని లేచినాను. కథ 1910లో 'ఆంధ్రభారతి'లో వచ్చినదనీ, దానికి ముందే 1902లో భండారు అచ్చమాంబగారి 'ధనత్రయోదశి' వచ్చినదనీ, కనుక తొలి కథ ఏది అనే వాదం ఉన్నదనీ, ఆమె లక్ష్మణరావుగారి అక్కగారనీ చెప్పినాను. సంస్కరణోద్యమం గురించి చెప్పినాను. శిల్పం గురించి చెప్పినాను. గడియారం చూచేసరికి నలుబది నిమిషాలు గడచినవి. ఇక మీరు మాట్లాడండి అంటే ఎవ్వరూ మాట్లాడలేదు. అందరూ మర్యాదగా చప్పట్లు కొట్టి వెళ్లినారు. మరుసటి నెల నలుగురు వచ్చినారు.

ఆ నలుగురిలో ఒక వృద్ధ ఉపాధ్యాయుడు ఉన్నారు. ఆయన నన్ను ప్రక్కకు పిలిచి, "ఏమండీ, మీరు రేడియోలో ఎట్లాగూ మాట్లాడుతూనే ఉంటారు. అక్కడ మేము మారు పలికే వీలు లేదు గదా! ఇక్కడనైనా మమ్మల్ని కాస్త మాట్లాడనివ్వండి" అన్నారు. ఏళ్ల తరబడి మైక్రోఫోను ముందు కూర్చున్నవానికి ఇంతకంటె మేలైన మందలింపు ఉండదు. మా వృత్తిలో మౌనం ఒక దోషం. నాలుగు క్షణాలు ధ్వని ఆగితే ఏదో యంత్రం చెడినదని కంగారు పడతాము. గోష్ఠిలో ఆ నాలుగు క్షణాలే ముఖ్యం. ప్రశ్న అడిగినవాడు ఆ నిశ్శబ్దాన్ని ఓర్చుకొంటే ఎవరో ఒకరు నోరు విప్పుతారు. ఓర్చుకోలేక తానే సమాధానం చెప్పినాడా, ఆనాటికి గోష్ఠి ముగిసినట్లే.

రేడియో కూడ ఈ పాఠం నేర్చుకొన్నదే. 1956లో పూనా ప్రాంతపు పల్లెలలో యునెస్కో సహాయంతో ఆకాశవాణి రేడియో రైతు గోష్ఠులు నడిపినది. ఇరువదిమంది వరకు రైతులు ఒకచోట కూడి ప్రసారం విని, తమలో తాము చర్చించి, సందేహాలను కేంద్రానికి వ్రాసేవారు. వాటికి తరువాతి ప్రసారాలలో జవాబు వచ్చేది. వినుటకంటె విన్నదానిని నలుగురిలో తరచి చూచుకొనుటవల్లనే విషయం నిలుస్తుందని అక్కడ తేలినది.

నిర్వాహకుని పని ఏమిటి? ప్రశ్నించుట, ఆలకించుట. 1947లో చికాగోలో ఏర్పడిన గ్రేట్ బుక్స్ సంస్థవారు తమ చర్చా బృందాల నిర్వాహకులకు ఒక మంచి కట్టడి పెట్టినారు. నిర్వాహకుడు సమాధానాలు చెప్పరాదు, ప్రశ్నలే వేయవలె. ఆ ప్రశ్నలు కూడ తనకు నిజంగా సందేహం ఉన్నవే అయి ఉండవలె. ప్రశ్నలను వారు మూడు తెగలుగా విభజించినారు. 'దిద్దుబాటు' కథనే తీసుకొని ఈ మూడింటినీ చూడవచ్చును.

మొదటి తెగ, విషయానికి సంబంధించినది. గోపాలరావు ఇంటికి ఏ వేళకు వచ్చినాడు? కమలిని ఉత్తరంలో ఏమి ఉన్నది? దీనికి సమాధానం కథలోనే ఉన్నది; పుట తిప్పి చూస్తే తెలుస్తుంది. ఇట్టివి ఒకటి రెండు చాలును. ఎక్కువైతే బడిలో ఒప్పజెప్పినట్లు ఉంటుంది. రెండవ తెగ, అర్థానికి సంబంధించినది. గోపాలరావులో వచ్చినది పశ్చాత్తాపమా, ఇల్లు శూన్యమైనదన్న భయమా? నౌకరు రామునికి కమలిని ఎత్తు ముందే తెలుసునా? కథకు 'దిద్దుబాటు' అని పేరు పెట్టినప్పుడు, దిద్దబడినది భర్త ఒక్కడేనా? ఈ ప్రశ్నలకు ఒకటికి మించిన సమాధానాలున్నవి. ప్రతి సమాధానానికీ కథలో ఆధారం చూపవలె. గోష్ఠికి ప్రాణం ఈ తెగలోనే ఉన్నది. మూడవ తెగ, మన జీవితానికి సంబంధించినది. నేటి ఇంట్లో ఇట్టి ఉపాయం పనిచేస్తుందా? ఇట్లు నవ్వుతో దిద్దగల తప్పులేవి, దిద్దలేనివేవి? ఈ ప్రశ్న చివరకు రావలె. మొదటే అడిగితే కథ ప్రక్కకు పోయి, ఎవరి సంసారం వారు ఎత్తుకొంటారు.

ఇక పుస్తకం ఎన్నిక. ఇక్కడ ఆదర్శంకంటె ప్రతుల లెక్క ముఖ్యం. పదిమంది చదువవలసిన పుస్తకం గ్రంథాలయంలో ఒకటో రెండో ప్రతులుంటాయి. దీనికి మూడు ఉపాయాలున్నవి. మొదటిది, చిన్న కథ. ఒక్క ప్రతి ఉన్నా సమావేశంలోనే ఒకరు పైకి చదువగా అందరూ వినవచ్చును. 'దిద్దుబాటు' వంటి కథకు ఇరువది నిమిషాలు చాలును. చూపు మందగించినవారికీ, చదువు అంతగా రానివారికీ కూడ ఇందులో చోటున్నది. క్రొత్త గోష్ఠికి మొదటి నాలుగైదు నెలలు కథలే మేలు. రెండవది, ముందుగా గ్రంథపాలకునితో మాట్లాడి జిల్లా కేంద్ర గ్రంథాలయంనుంచీ, పొరుగు శాఖలనుంచీ ప్రతులు తెప్పించుకొనుట. దీనికి రెండు నెలల వ్యవధి ఉండవలె. మూడవది, వంతు పట్టిక. పెద్ద నవలను వారం వారం ఒకరినుంచి ఒకరికి అందించుకొంటూ, అందరూ ముగించిన తరువాత కూర్చుండుట.

ఏ పుస్తకం చర్చకు నిలుస్తుంది? అందరూ మెచ్చే పుస్తకం చర్చకు నిలువదు. బాగున్నది, బాగున్నది అని పది నిమిషాలలో లేచిపోతారు. భిన్నాభిప్రాయానికి తావున్నది కావలె. ఆంధ్ర విశ్వవిద్యాలయం నవలల పోటీలో విశ్వనాథవారి 'వేయిపడగలు', అడివి బాపిరాజుగారి 'నారాయణరావు' బహుమతిని పంచుకొన్నవి. ఈ రెండింటినీ వరుసగా చదివి, న్యాయనిర్ణేతలుగా మీరుంటే ఏమి చేసేవారని అడిగితే గంటన్నర చాలదు. 'మాలపల్లి' చదివి, ఆనాటి ప్రభుత్వం దానిని ఎందుకు నిషేధించినదో పుటలలో వెదకుట మరొక మంచి పని. బుచ్చిబాబుగారి 'చివరకు మిగిలేది' ముగింపును గురించి ఇద్దరు ఏకాభిప్రాయానికి వచ్చుట అరుదు.

చోటు, వేళ సంగతి తేలికగా తీసుకోరాదు. పఠన మందిరంలో నిశ్శబ్దం చదువుకొనేవారి హక్కు. కనుక గోష్ఠికి ప్రక్క గదియో, వరండాయో, పిల్లల విభాగమో చూచుకోవలె. కుర్చీలను గుండ్రంగా వేయవలె. బల్ల వెనుక ఒకరు కూర్చుంటే అది వేదిక అవుతుంది. వేదిక ఉన్నచోట ఉపన్యాసం పుడుతుంది. ఎనిమిదిమందికి తక్కువైతే మాట సాగదు. పదునైదుమందికి మించితే సిగ్గరులకు వంతు రాదు. సాయంకాలం ఆరున్నర అని పెట్టితే ఉద్యోగులు వస్తారు, ఇల్లాండ్రు రాలేరు. అది వంట వేళ. ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు మార్చిన తరువాతనే మా గోష్ఠికి స్త్రీలు రాసాగినారు. ఎవరు రావడం లేదు అని చింతించేముందు, మనం పెట్టిన వేళ ఎవరిని రాకుండా చేస్తున్నదో చూచుకోవలె.

అన్ని గోష్ఠులకూ కొన్ని చిక్కులు ఉమ్మడి. ఒకరు మాట విడువరు. ఆయనను గద్దించనవసరం లేదు. "మీరన్నది అందుకొని, ఇంకా మాట్లాడనివారు ఏమంటారో విందాము" అంటే చాలును. ఒకరు పుస్తకం చదువకుండా వస్తారు. రానీయండి, ఈ నెల విన్నవారు వచ్చే నెల చదువుతారు. కులమో, మతమో, రాజకీయమో వచ్చి మాట వేడెక్కుతుంది. అప్పుడు నిర్వాహకుని చేతిలో ఒకటే ఆయుధం: "ఈ మాట పుస్తకంలో ఎక్కడ ఉన్నదండీ?" అందరూ పుటలు త్రిప్పుతారు. త్రిప్పేలోగా కోపం చల్లారుతుంది. పుస్తకం అందరి నడుమ ఉన్నంతసేపు ఎవరి మాటా మరొకరి మీదికి పోదు.

చివరి పది నిమిషాలు వచ్చే నెల పుస్తకానికి ఉంచుకోవలె. ఒక నోటు పుస్తకంలో ఆనాటి పుస్తకం పేరు, వచ్చినవారి సంఖ్య, తెగకుండా మిగిలిన ఒక ప్రశ్న, సభ్యులు కావలెనన్న పుస్తకాల పేర్లు, ఇంతవరకు వ్రాస్తే చాలును. ఆ పేర్లు గ్రంథపాలకునికి ఇవ్వవలె. కొనుగోలు జాబితా తయారుచేయునప్పుడు, తన చదువరులు ఏమి కోరుచున్నారో తెలిసిన గ్రంథపాలకునికి పని సులభమవుతుంది. ఏళ్ల తరబడి కదలని పుస్తకాలు కూడ గోష్ఠి పుణ్యమా అని చీటీమీద క్రొత్త తేదీలు వేయించుకొంటాయి.

మరల మా గోష్ఠి సంగతికి వస్తాను. ఆ మందలింపు తరువాత, మూడవ నెల మరల 'దిద్దుబాటు' కథనే పెట్టుకొన్నాము. ఈసారి పంతులుగారు కథ పైకి చదివినారు. నేను ఒక్క ప్రశ్న వేసి ఊరకున్నాను. పదిమంది వరకు ఉన్నారు. గోపాలరావు పశ్చాత్తాపం నిజమైనదా కాదా అని మగవారందరూ అరగంట వాదించుకొన్నారు. ఒక మూలగా ఒక మధ్యవయస్కురాలు కూర్చుండి ఉన్నది. ఇంటివద్ద బట్టలు కుట్టి సంసారం నెట్టుకొనివచ్చే మనిషి. పుస్తకం తిరిగి ఇచ్చుటకు వచ్చి, గ్రంథపాలకుడు కూర్చోమంటే కూర్చున్నది. వాదం కాస్త ఆగినప్పుడు ఆమె మెల్లగా, "ఆయనగారు రాత్రి ఒంటిగంటకు గదా వచ్చారు. ఆ అమ్మాయి మంచం కింద ఎంతసేపటి నుంచి పడి ఉందో మీరెవరూ చెప్పలేదేం?" అన్నది.

ఎవ్వరూ మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దాన్ని నేను ఈసారి చెడగొట్టలేదు.

ఆ కథను నేను ఎన్నిసార్లు చదివినానో లెక్కలేదు. చివర మంచం క్రిందినుంచి వినవచ్చే నవ్వును తలచుకొని ప్రతిసారీ నవ్వుకొన్నాను. ఆ నవ్వుకు ముందు ఒక చీకటి రాత్రి, ఒక నిరీక్షణ ఉన్నవని నాకు తోచలేదు. నా నలుబది నిమిషాల ఉపన్యాసంలో ఆ రాత్రికి చోటు లేదు. రాత్రివేళ తలుపు చప్పుడు కోసం ఎదురుచూచుట ఎట్టిదో తెలిసిన మనిషి చదివినప్పుడు ఆ కథ తన మరొక తలుపు తెరచినది. ఆమె ఆనాడు పుస్తకం ఇచ్చి వెళ్లిపోయి ఉంటే, ఆ మాట ఆమెతోనే పోయేది.

ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. సభలు, పూలమాలలు, బహుమతులు ఉంటాయి; ఉండవలసినవే. ఆ వారంలో ఒక మధ్యాహ్నం వేదిక తీసివేసి, కుర్చీలు గుండ్రంగా వేసి, ఒక చిన్న కథ పైకి చదివి, ఒక్క ప్రశ్న వేసి ఊరకుండి చూడమని గ్రంథపాలకులనూ, చదువరులనూ కోరుతున్నాను. ఈ ప్రసంగం ముగిసిన తరువాత రేడియో ఆపి, మీ ఇంట్లోనే ఆ పని ఆరంభించినా మంచిదే. ఇంతసేపు నేను మాట్లాడినాను. ఇక మీ వంతు.